అరవై రోజులు తెరవని ఫైలు



ఈ నెల గోడపత్రికలో సైన్సు వ్యాసం రాసే వంతు నాకు వచ్చింది. దేని మీద రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. చివరికి నాకు జరిగిన దాని మీదే రాద్దామని అనుకున్నాను.

జూన్ నెలలో బడి తెరిచినప్పుడు నేను ఆరు రోజులు ఆలస్యంగా వచ్చాను. మేడం గారు కారణం రాసి ఇమ్మన్నారు. "ఇంటి దగ్గర పని ఉండెను" అని ఒక్క ముక్క రాసి ఇచ్చాను. అది అబద్ధం కాదు. కాని పూర్తి నిజం కూడా కాదు. పూర్తి కారణం ఒక కంప్యూటరు ఫైలు. ఆ ఫైలు పోయినందువల్ల మా చిన్నమ్మ కూలి డబ్బులు ఆగిపోయాయి. అది ఎందుకు పోయిందో అప్పుడు నాకు తెలియదు. తిరిగి వచ్చాక మన కంప్యూటరు సారును అడిగి తెలుసుకున్నాను. అదే మీకు చెప్తాను.

హార్బరులో మా చిన్నమ్మ

మా చిన్నమ్మ విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో ఐసు కూలీ. కొండ మీద పోడు చాలక నాలుగేళ్ల క్రితం దిగిపోయారు. వేసవి సెలవులకి నేను ఆమె దగ్గరికి వెళ్లాను. కాంప్లెక్సులో బస్సు దిగి, ఇంకో బస్సు ఎక్కి వెళ్లాలి. హార్బరు దగ్గర పడుతుంటేనే చేపల వాసన వచ్చేస్తుంది. నీళ్లకి అవతల డాల్ఫిన్ నోస్ కొండ కనపడుతుంది. మన కొండల లాంటిదే, కాని సముద్రంలోకి ముక్కు పెట్టినట్టు ఉంటుంది.

మామూలు రోజుల్లో తెల్లవారుజామునే బోట్లు వస్తాయి, చేపల పాట జరుగుతుంది. వేటకి వెళ్లే బోటు చాలా రోజులు సముద్రం మీదే ఉంటుంది. అన్ని రోజులు చేప పాడవకుండా ఉండాలంటే ఐసు కావాలి. పెద్ద పెద్ద ఐసు దిమ్మలని మిషనులో వేసి పొడి చేసి, గంపలతో బోటులోకి ఎత్తాలి. ఆ గంపలు ఎత్తే ఏడుగురు ఆడవాళ్లలో మా చిన్నమ్మ ఒకరు. చేతులు మొద్దుబారిపోతాయని చెప్తుంది.

నేను వెళ్లినప్పుడు మాత్రం హార్బరు ఊరికే ఉంది. బోట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉన్నాయి. ఎందుకంటే తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లు వేటకి వెళ్లకూడదు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. అప్పుడు పట్టేస్తే మరుసటి ఏడాదికి చేప ఉండదు. ఏప్రిల్‌లో 16 రోజులు, మేలో 31, జూన్‌లో 14. కూడితే 61 రోజులు. మిత్రులారా, ఈ 61 అనే అంకెను గుర్తు పెట్టుకోండి. వ్యాసమంతా దీని మీదే ఉంది.

బోటెక్కి వేటకి వెళ్లేవారికి ఈ కాలంలో ప్రభుత్వం సాయం ఇస్తుంది. చిన్నమ్మ బోటెక్కే మనిషి కాదు, ఒడ్డు మీద కూలీ. ఆమె పేరు ఆ జాబితాలో లేదు. అందుకని ఆమె ఆశ అంతా ఏప్రిల్ మొదటి పద్నాలుగు రోజుల కూలి మీదే. "బోటు వాళ్లు నాకు ఐసు బాకీ తీర్చాక ఇస్తాను, వేట తెరవగానే తీసుకోండి" అని సావుకారు చెప్పి ఉన్నారు.

ఫైలు పోయిన రోజు

జూన్ 14 అర్ధరాత్రి దాటగానే హార్బరుకి ప్రాణం వచ్చింది. ఇంజన్ల చప్పుడు, దీపాలు, కేకలు. 15 పొద్దున్న చిన్నమ్మ నన్ను కూడా కొట్టుకి తీసుకు వెళ్లింది. అది ఐసు, డీజిలు, వలసామాను అమ్మే చిన్న కొట్టు. ఒక బల్ల మీద కంప్యూటరు ఉంది. సావుకారు గారి అబ్బాయి కూలీల లెక్కంతా అందులో రాస్తాడు. ఎవరు ఏ రోజు వచ్చారు, ఎన్ని గంపలు, ఎంత ఇచ్చారు, ఎంత బాకీ, అన్నీ.

అతను కంప్యూటరు పెట్టి వెదికాడు. మళ్లీ వెదికాడు. ముఖం మారిపోయింది. ఏప్రిల్ 14 సాయంత్రం వరకు ఉన్న ఫైలు లేదు.

సావుకారు గారు, "లెక్క లేకుండా ఎంతని ఇవ్వను? ఎవరు ఎన్ని రోజులు వచ్చారో నాకేం గుర్తు?" అన్నారు.

మా చిన్నమ్మ అన్నది, "నాను పన్జేసినాను కదా బాబూ. ఐసు మోసినాను. మీ పెట్టెలో నేదంటే నాను సెయ్యనట్టేటి?"

ఎవరూ జవాబు చెప్పలేదు. నేను ఎనిమిదో తరగతి చదివిన దాన్ని. మా ఇంట్లో అక్షరం వచ్చిన మొదటి మనిషిని. నేను కూడా జవాబు చెప్పలేకపోయాను. దానికే నాకు ఎక్కువ బాధ వేసింది.

తర్వాత బయటపడిన సంగతి ఇది. వేట లేని రోజుల్లో ఆ అబ్బాయి కంప్యూటరులో సినిమాలు నింపాడు. డిస్కు నిండిపోయిందని హెచ్చరిక వచ్చింది. ఖాళీ చేయడానికి విండోస్‌లో స్టోరేజ్ సెన్స్ అనే ఏర్పాటు ఉంది. 2017 నుంచి ఉంది. అందులో డౌన్‌లోడ్స్ అనే అరకి సంబంధించి ఒక ప్రశ్న ఉంటుంది. ఇన్ని రోజులు తెరవని ఫైళ్లను తీసేయమంటావా అని. ఒక రోజు, 14 రోజులు, 30 రోజులు, 60 రోజులు, ఎప్పుడూ వద్దు. ఇవి జవాబులు. మనం ముట్టుకోకపోతే అది "ఎప్పుడూ వద్దు" మీదే ఉంటుంది. అతను 60 పెట్టాడు. "రెండు నెలలు తెరవని ఫైలు ఎవరికి కావాలి అనుకున్నాను" అన్నాడు.

కూలీల లెక్క ఫైలు మొదట ఫోను నుంచి దించుకున్నది. కాబట్టి అది డౌన్‌లోడ్స్ అరలోనే ఉండిపోయింది. రోజూ అక్కడే తెరిచి అక్కడే రాసేవాడు. ఏప్రిల్ 14 తర్వాత వేట లేదు, కూలి లేదు, ఫైలు తెరిచే పని లేదు. విరామం 61 రోజులు. కంప్యూటరు ఆగేది 60 రోజులు.

కంప్యూటరుకి ఎలా తెలుసు?

నాకు వచ్చిన మొదటి అనుమానం ఇదే. ఒక ఫైలును ఎవరు ఎప్పుడు తెరిచారో కంప్యూటరుకి ఎలా తెలుస్తుంది? అది మనల్ని చూస్తూ కూర్చుంటుందా?

కంప్యూటరుని నడిపే ముఖ్యమైన ప్రోగ్రాముని ఆపరేటింగ్ సిస్టం అంటారు. విండోస్, లినక్స్ ఇలాంటివి. అది మన హాస్టలుకి వార్డెన్ మేడం గారి లాంటిది. ఎవరు ఏ గదిలో, ఏ పెట్టె ఎవరిది, అన్నీ దాని రిజిస్టరులో ఉంటాయి. మనం ఫైలు తెరవాలన్నా, మార్చాలన్నా నేరుగా డిస్కు దగ్గరికి వెళ్లలేము. సిస్టంని అడగాలి. అది తెచ్చి ఇస్తుంది. అడిగిన ప్రతిసారీ దానికి తెలుస్తుంది కాబట్టి అది తేదీ, సమయం రాసుకోగలదు.

ప్రతి ఫైలుకీ డిస్కులో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి ఫైలులో ఉన్న అసలు విషయం. రెండవది ఆ ఫైలు గురించిన చీటీ. యూనిక్స్, లినక్స్ సిస్టంలలో ఈ చీటీని ఐనోడ్ అంటారు. ఫైలు ఎంత పెద్దది, ఎవరిది, ఎవరు చదవవచ్చు, ఇవన్నీ ఆ చీటీలో ఉంటాయి. సమయాలు కూడా అక్కడే ఉంటాయి.

యూనిక్స్ అనేది 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొదలయింది. 1970లలోనే అందులో ప్రతి ఫైలుకీ మూడు సమయాలు రాసే పద్ధతి వచ్చింది. మన ట్రంకు పెట్టెతో పోల్చి చెప్తాను.

మొదటిది, మార్చిన సమయం. అనగా పెట్టెలో ఉన్న వస్తువులు ఎప్పుడు మారాయి అని. కొత్త గౌను పెట్టినా, పాత నోటుబుక్కు తీసేసినా ఇది మారుతుంది.

రెండవది, చీటీ మారిన సమయం. పెట్టె మీద పేరు మార్చారు, తాళం మార్చారు. లోపల వస్తువులు అవే. అయినా చీటీ మారింది. చాలామంది దీన్ని ఫైలు పుట్టిన తేదీ అనుకుంటారట. అది తప్పు.

మూడవది, చదివిన సమయం. పెట్టె మూత తీసి లోపలికి చూశారు, ఏమీ మార్చలేదు. ఊరికే చూసినా ఇది మారుతుంది. దీన్నే యాక్సెస్ టైం అంటారు. ఆఖరుగా వాడినది ఎప్పుడు అనే ప్రశ్నకి జవాబు దీనిలోనే ఉండాలి.

లోపల ఈ సమయాలను మనలాగా తేదీ, నెల, సంవత్సరం అని రాయరు. యూనిక్స్‌లో 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకండ్లు గడిచాయో లెక్కపెట్టి ఆ అంకె రాస్తారు. మనకి చూపించేటప్పుడు దాన్ని తేదీగా మారుస్తారు.

చూసినందుకు కూడా రాయాలి

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సారు చెప్పినప్పుడు నాకు నవ్వు వచ్చింది. ఫైలును చదవడం అంటే ఊరికే చూడడం. కాని చూసినప్పుడల్లా చదివిన సమయం మార్చాలంటే చీటీ మీద రాయాలి. అంటే చదవడం కూడా రాయడమే అయిపోయింది!

మన లైబ్రరీలో పుస్తకం తీసుకుంటే రిజిస్టరులో రాస్తారు. బాగుంది. కాని పేజీ తిప్పిన ప్రతిసారీ రిజిస్టరులో రాయాలి అంటే ఏమవుతుంది? చదివేది తక్కువ, రాసేది ఎక్కువ. కంప్యూటరు ఒక్క నిముషంలో వేల ఫైళ్లు తెరుస్తుంది. అన్నింటికీ చీటీలు తిరగరాస్తే పని నెమ్మదిస్తుంది.

అందుకని రాసే పని తగ్గించడానికి ఉపాయాలు చేశారు.

లినక్స్ అనే సిస్టంని 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి మొదలుపెట్టాడు. అందులో చదివిన సమయం అసలు రాయవద్దు అని చెప్పే వీలు ఉంది. దాని పేరు నోఏటైం. కాని పూర్తిగా ఆపేస్తే కొన్ని ప్రోగ్రాములు తప్పు చెప్తాయి. ఉదాహరణకు పాత ఉత్తరాల ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. ఉత్తరాల ఫైలును మార్చిన సమయం ఒక పక్క, చదివిన సమయం ఒక పక్క పెట్టి చూస్తాయి. చదివిన తర్వాత మార్చి ఉంటే, అనగా కొత్తగా ఏదో చేరి ఉంటే, "కొత్త ఉత్తరం వచ్చింది" అని చెప్తాయి. చదివిన సమయం రాయకపోతే ఆ పోలిక కుదరదు.

కాబట్టి మధ్యే మార్గం ఒకటి కనిపెట్టారు. దాని పేరు రెలఏటైం. 2009లో వచ్చిన లినక్స్ 2.6.30 నుంచి మామూలుగా ఇదే నడుస్తున్నది. దాని నియమం ఇది. ఫైలు చదివినప్పుడు పాత చదివిన సమయం చూస్తుంది. అది మార్చిన సమయం కన్నా, చీటీ మారిన సమయం కన్నా వెనకబడి ఉంటే కొత్తది రాస్తుంది. లేదా అది 24 గంటల కన్నా పాతదైతే రాస్తుంది. ఈ రెండూ కాకపోతే రాయకుండా ఊరుకుంటుంది.

ఇది మన సాయంత్రం అటెండెన్సు లాంటిదే. మనం రోజుకి ఎన్నిసార్లు గది లోపలికి వెళ్లామో, బయటికి వచ్చామో మేడం గారు రాయరు. రోజుకి ఒకసారి పేరు పిలుస్తారు. ఆ రోజు ఉన్నామని తెలుస్తుంది. మూడు గంటల ఇరవై నిముషాలకి ఎక్కడున్నామో ఆ రిజిస్టరు చెప్పదు.

విండోస్ సంగతి ఇంకో విధము. 2007లో అందరికీ వచ్చిన విస్టా నుంచి చదివిన సమయం రాయడాన్ని మామూలుగా ఆపి ఉంచారు. కావాలంటే మనం పెట్టుకోవాలి. తర్వాత విండోస్ 10లో రాయాలా వద్దా అనేది సిస్టమే నిర్ణయించుకునే పద్ధతి కూడా తెచ్చారు. రాసినప్పుడు కూడా వెంటనే డిస్కు మీద రాయకుండా ఒక గంట వరకు ఆలస్యం చేయవచ్చు. అందుకని రెండు కంప్యూటర్లలో ఒకే ఫైలుకి రెండు రకాల జవాబు రావచ్చు.

పెన్‌డ్రైవుల్లో ఎక్కువగా ఫ్యాట్ అనే పాత పద్ధతి ఉంటుంది. అందులో మార్చిన సమయం రెండు సెకండ్ల తేడాలో తెలుస్తుంది. చదివినది మాత్రం ఏ రోజో తెలుస్తుంది గాని ఎన్ని గంటలకో తెలియదు. గంట రాయడానికి అందులో చోటే లేదు.

ముద్ర ఉంది గాని మనిషి లేడు

ఇంకో ముఖ్యమైన సంగతి. చదివిన సమయం మారింది అంటే ఒక మనిషి కూర్చుని చదివాడు అని అర్థం కాదు. వైరస్ వెదికే ప్రోగ్రాము అన్ని ఫైళ్లనూ తెరిచి చూస్తుంది. ఇంకో చోటికి నకలు తీసినా ఫైలును చదవాలి. ఇన్‌స్పెక్షనుకి వచ్చినవారు మన ట్రంకు పెట్టెలన్నీ తెరిపించి చూస్తారు కదా. ఆ రోజు అన్ని పెట్టెలూ తెరిచినవే. కాని ఎవరూ బట్టలు మార్చుకోలేదు.

దానికి ఎదురుది కూడా నిజమే. తెరిచినా ముద్ర పడకపోవచ్చు. ఎందుకంటే రాయడం ఆపి ఉండవచ్చు.

కంప్యూటరు గడియారం తప్పు ఉంటే ఇంకా చెప్పక్కరలేదు. లోపల రూపాయి బిళ్ల లాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. కరెంటు పోయినా గడియారం నడవడానికి అది కావాలి. అది అయిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు ఈరోజు రాసిన ఫైలు మీద కూడా పాత తేదీయే పడుతుంది.

కాబట్టి మిత్రులారా, ఎవరైనా ఫలానా సమయానికి ఈ ఫైలు తెరిచి ఉంది, ఆ సమయానికి గదిలో నువ్వే ఉన్నావు, కాబట్టి నువ్వే తెరిచావు అంటే వెంటనే ఒప్పుకోనక్కరలేదు. ఆ ముద్ర ఎలా పడిందో ముందు అడగవచ్చు.

ఈ ముద్రని ఎవరు వాడుకుంటారు?

ఇన్ని లోపాలు ఉన్నా ఈ ముద్రని పాత వస్తువులు ఊడ్చే పనికి వాడుతూనే ఉన్నారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో 60 రోజులు వాడని బొమ్మలను తెర మీద నుంచి తీసి పక్కన పెట్టమంటావా అని అడిగేది. అది తీసేసేది కాదు, పక్కన పెట్టేది.

ఈనాటి లినక్స్‌లు చాలావాటిలో తాత్కాలిక ఫైళ్లను ఊడ్చే పనివాడు ఒకడు ఉంటాడు. మామూలుగా ఒక అరలో 10 రోజులు, ఇంకో అరలో 30 రోజులు ఆగుతాడు. కాని అతను ఒక్క ముద్ర చూసి తీసేయడు. చదివినది, మార్చినది, చీటీ మారినది, మూడూ చూస్తాడు. మూడూ పాతవైతేనే తీస్తాడు. ఇది నాకు బాగా నచ్చింది.

అయితే మూడూ చూసినా మా చిన్నమ్మ ఫైలు బతికేది కాదు. ఏప్రిల్ 14 తర్వాత దాన్ని ఎవరూ చదవలేదు, మార్చలేదు, పేరు కూడా మార్చలేదు. ఏ ముద్ర చూసినా అది పాతదే. కంప్యూటరు లెక్క తప్పలేదు. 60 దాటింది, తీసేసింది.

మరి తప్పు ఎక్కడ ఉంది? నేను చాలా రోజులు ఆలోచించాను. మా అమ్మమ్మ అటక మీద చోడి విత్తనాల బుట్ట ఉంటుంది. పేడతో అలికి మూత మూసేస్తుంది. కోతల తర్వాత పెట్టినది మళ్లీ వానలు పడేదాకా ఎవరూ ముట్టరు. ఆరు నెలలు పైనే. పిల్లలు ముట్టుకుంటే తిడుతుంది. ఆ బుట్ట మీద చదివిన ముద్ర ఉంటే అది ఇంట్లో అన్నింటి కన్నా పాత ముద్ర. మా ఇంట్లో అన్నింటి కన్నా అవసరమైనది కూడా అదే. ఆరు నెలలు ముట్టలేదని దాన్ని పారేస్తే తరువాతి ఏడు ఏమి తింటాము?

ఆఖరుగా వాడిన తేదీ గడిచిపోయిన దాని గురించి చెప్తుంది. రేపు కావాలా వద్దా అనేది అది చెప్పదు. ఆ సంగతి పని తెలిసిన మనిషి చెప్పాలి. ఏటా 61 రోజులు విరామం ఉంటుందని హార్బరులో చిన్న గుంటకి కూడా తెలుసు. 60 అనే అంకె పెట్టినవారికి హార్బరు సంగతి తెలియదు. ఎక్కడో కూర్చుని అందరికీ ఒకే అంకె పెట్టినారు. ఇక్కడ దాన్ని ఎంచుకున్న అబ్బాయికి హార్బరు తెలుసు గాని ఆ నిముషంలో గుర్తు రాలేదు. అతను చెడ్డవాడు కాదు. మూడు రోజులు మాతో పాటు వెదికాడు.

లెక్క ఎలా తేలింది?

వెదికితే ఒక పెన్‌డ్రైవులో పాత నకలు దొరికింది. మార్చి 31న తీసినది. అప్పటి వరకు కూలి ఇచ్చేశారు కాబట్టి గొడవ లేదు. ఏప్రిల్ 1 నుంచి 14 వరకే లెక్క లేదు.

అప్పుడు చిన్నమ్మ నన్ను ఇంటికి తీసుకుపోయి గోడ మీద క్యాలెండరు చూపించింది. ఏప్రిల్ కాగితం వెనక్కి తిప్పి ఉంది. ఆమెకి చదువు రాదు. పని చేసిన ప్రతి రోజు గడిలో పెన్సిలుతో ఒక నిలువు గీత గీసింది. నేను లెక్కపెట్టాను. 11 గీతలు. రోజుకి 450 రూపాయలు. అంటే 4950 రూపాయలు.

క్యాలెండరు మేకు నుంచి తీసి చంకలో పెట్టుకుని కొట్టుకి వెళ్లాము. సావుకారు గారు ఐసు అమ్మిన చీటీలు తెచ్చి ఒక్కొక్క తేదీ సరిచూశారు. రెండు తేదీల్లో ఐసు అమ్మిన చీటీ దొరకలేదు. ఆ రెండూ తీసేసి 9 రోజులకి 4050 రూపాయలు ఇచ్చారు. ఆ రెండు రోజులు కూడా పని చేశానని చిన్నమ్మ ఇప్పటికీ అంటుంది. నేను ఆమె మాటే నమ్ముతాను. మిగిలిన ఆరుగురు ఆడవాళ్ల దగ్గర గీతలు లేవు. వాళ్లకి తలా 6 రోజులకి ఉజ్జాయింపుగా ఇచ్చారు. అందులో ఒక ముసలామె గొడవ పడలేదు. డబ్బులు కొంగులో కట్టుకుని గంప ఎత్తుకుని పనికి వెళ్లిపోయింది.

ఇదంతా తేలేసరికి జూన్ 17 అయింది. 18న బస్సెక్కి వచ్చాను. మేడం గారూ, ఇదే నా ఆలస్యానికి పూర్తి కారణం.

కాగితమే మంచిది, కంప్యూటరు వద్దు అని నేను చెప్పడం లేదు. అదే హార్బరులో 2023 నవంబరు 19 రాత్రి పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ముప్పైకి పైగా బోట్లు కాలిపోయాయి. బోటులో కాగితాలు ఉంటే అవి కూడా కాలతాయి కదా. కాగితం ఒక విధంగా పోతుంది, ఫైలు ఇంకో విధంగా పోతుంది. రెండు చోట్ల ఉంటే రెండూ ఒకేసారి పోవు.

మనము చేయవలసినవి

1. మన కంప్యూటరు గదిలో ఏదైనా ఫైలు మీద మౌసు కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. క్రియేటెడ్, మోడిఫైడ్, యాక్సెస్డ్ అని మూడు తేదీలు కనపడతాయి. అవి ఫైలు చేసినది, మార్చినది, చదివినది. ఫైలు తెరిచి, మార్చకుండా మూసేసి, మళ్లీ చూడండి. చదివిన తేదీ మారిందా లేదా నోటుబుక్కులో రాయండి. పక్కవారి కంప్యూటరులో కూడా చూడండి. తేడా రావచ్చు. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు.

2. ఒక ఫైలును పెన్‌డ్రైవులోకి నకలు తీసి రెండింటి తేదీలు పోల్చండి. విండోస్‌లో నకలుకి క్రియేటెడ్ తేదీ ఈరోజుది వస్తుంది, మోడిఫైడ్ పాతదే ఉంటుంది. పుట్టకముందే మారిన ఫైలు లాగా కనపడుతుంది. నవ్వు వస్తుంది, చేసి చూడండి.

3. ముఖ్యమైన ఫైలును డౌన్‌లోడ్స్‌లో ఉంచకండి. దానికి ఒక పేరు, ఒక అర ఇవ్వండి. రెండవ నకలు వేరే చోట ఉంచండి.

4. డిస్కు నిండినప్పుడు తేదీని చూసి తీసేయకండి. పేరు చూడండి, తెరిచి చూడండి, ఎవరిదో అడగండి. అందరి కన్నా ముందు సినిమాలు తీయండి.

5. ఇంటికి వెళ్లినప్పుడు కూలికి వెళ్లేవారికి గీతలు గీయడం చెప్పండి. చదువు రాకపోయినా గీత గీయడం అందరికీ వస్తుంది. మీరు నెలకొకసారి కూడి పక్కన అంకె వేసి ఇవ్వండి.

చివరిగా మేడం గారికి ఒక విన్నపము. మన హాస్టలు ఆఫీసు కంప్యూటరులో మా అందరి కుల ధ్రువపత్రాలు, పుట్టిన తేదీ పత్రాల నకళ్లు ఉన్నాయని విన్నాను. అవి చేరినప్పుడు ఒకసారి తెరుస్తారు. మళ్లీ పదవ తరగతి పరీక్ష ఫీజు కట్టేటప్పుడు తెరుస్తారు. మధ్యలో రెండు మూడేళ్లు ఎవరూ ముట్టరు. మా ఊళ్ల నుంచి మళ్లీ ఆ కాగితం తేవాలంటే మా నాన్నలు కూలి మానుకుని మండలాఫీసుకి ఎన్నిసార్లు తిరగాలో మీకు తెలుసు. ఎప్పుడైనా కంప్యూటరు శుభ్రం చేయిస్తే, పాత తేదీ చూసి అవి తీసేయకుండా చూడగలరు. ఇంకో నకలు కూడా తీయించి ఉంచగలరు. కావాలంటే ఆదివారం నాడు నేనూ, మా గదివాళ్లూ కూర్చుని పేర్లు సరిచూసి ఇస్తాము.

ఇంతటితో నా వ్యాసం ముగిస్తున్నాను. తప్పులుంటే మన్నించగలరు. అక్షర దోషాలు దిద్దాలనుకునేవారు ఎర్ర సిరాతో దిద్దవచ్చు, చించవద్దు.

ఇట్లు
మీ మిత్రురాలు
9వ తరగతి